టోనీ పాల్జర్: మంచు కొండల నుంచి పెలొటాన్ అనే సైకిల్ గుంపులోకి, ఏది పనికొచ్చింది, ఏది రాలేదు?

ఘాట్‌రోడ్డు

జర్మనీ ఆటగాడు ఆంటన్ పాల్జర్ గురించి మన ఈ చర్చావేదికలో ఇంతవరకు ఎవరూ రాసినట్టు లేదు. అక్కడ అందరూ టోనీ అనే పిలుస్తారు. 1993 మార్చిలో పుట్టాడు. బవేరియా చివర, ఆస్ట్రియా సరిహద్దు పక్కనుండే బెర్ష్‌టెస్‌గాడెన్ ప్రాంతంలో రామ్సావ్ అతని ఊరు. స్కీ మౌంటెనీరింగ్ ప్రపంచకప్‌లో ఏళ్ళ తరబడి ముందు వరసలో ఉన్నాడు. 2021 వసంతంలో స్కీ సీజన్ ముగించుకుని నేరుగా బోరా-హన్స్‌గ్రోహె జట్టులో చేరాడు. అంటే సైక్లింగ్‌లో అన్నిటికన్నా పై మెట్టయిన వరల్డ్ టూర్‌లోకి, కింది స్థాయి జట్లలో ఒక్క ఏడాది కూడా తిరగకుండా, 28 ఏళ్ళ వయసులో. ఏప్రిల్‌లో టూర్ ఆఫ్ ద ఆల్ప్స్ రేసు, ఆగస్టులో స్పెయిన్‌లో మూడు వారాలు సాగే వుయెల్టా రేసు. 2024 దాకా ఆ జట్టులోనే ఉన్నాడు.

అడగదలుచుకున్నది ఇదీ. కొండ ఎక్కడంలో ప్రపంచస్థాయి గుండె, ఊపిరితిత్తులు ఉన్నవాడికి సైకిల్ మీద పెద్ద గెలుపులు ఎందుకు రాలేదు? స్కీ మౌంటెనీరింగ్ నుంచి సైకిల్‌కి ఏది వస్తుంది, ఏది రాదు? తెలిసినవాళ్ళు లెక్కలతో చెప్తే బాగుంటుంది.

మంచుబాట

ముందు ఆ ఆట ఏమిటో చెప్పుకుందాం. మనవాళ్ళలో చాలామంది స్కీయింగ్ అనగానే లిఫ్ట్ ఎక్కి కిందికి జారడమే అనుకుంటారు. ఇందులో లిఫ్ట్ ఉండదు. స్కీ అడుగుభాగాన స్కిన్ అనే పట్టీ అంటించుకుని కొండ ఎక్కాలి. మోహేర్ నూలుతో నేసిన పట్టీ అది. ముందుకి జారుతుంది, వెనక్కి జారనివ్వదు. పైకి చేరాక స్కిన్ ఊడదీసి, మడమ బిగించి, కిందికి దిగాలి. మళ్ళీ అంటించి మళ్ళీ ఎక్కాలి. బాగా నిటారుగా ఉన్న చోట స్కీలు వీపు సంచికి తగిలించి బూట్లతో నడుస్తారు.

ప్రధాన పోటీలు:

వర్టికల్: ఎక్కుడు మాత్రమే. 500 నుంచి 700 మీటర్ల ఎత్తు, అరగంట లోపు.
ఇండివిడ్యువల్: మూడు నాలుగు ఎక్కుళ్ళు, అన్ని దిగుళ్ళు, గంటన్నర నుంచి రెండు గంటలు.
స్ప్రింట్: 80 మీటర్లకు అటూ ఇటూ ఎత్తు, మొత్తం మూడు నిమిషాలు.
వీటితోపాటు ఇద్దరేసి కలిసి చేసే టీమ్ పోటీ, రిలే.

పాల్జర్ బలం మొదటి రెండింట్లో. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

పరికరాల బరువు చూస్తే సైకిల్ వాళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది. సైకిల్‌కి ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 6.8 కిలోల కనీస బరువు పెట్టినట్టే, ఇక్కడా అంతర్జాతీయ సమాఖ్య కనీసాలు పెట్టింది. మగవాళ్ళకి ఒక్కో స్కీ బైండింగ్‌తో (బూటుని స్కీకి బిగించేది) కలిపి 750 గ్రాములు, ఒక్కో బూటు 500 గ్రాములు. స్కీ పొడవు 160 సెంటీమీటర్లకు తగ్గకూడదు. అంటే ఒక్కో కాలికి కిలోంపావు.

చైన్‌రింగ్

ఇంజను, అంటే ఒంట్లో ఉన్న సత్తా గురించి లెక్కేద్దాం. గంటకు ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కుతున్నాడన్నది రెండు ఆటల్లోనూ కొలవచ్చు. 700 మీటర్ల వర్టికల్‌ని 25 నిమిషాల్లో ఎక్కితే గంటకు 1,680 మీటర్ల లెక్క. గుండ్రంగా 1,700 అనుకుందాం.

అదే వేగాన్ని 9 శాతం వాలున్న రోడ్డు మీద సైకిల్‌కి మారిస్తే:

రైడర్ 62 కిలోలు. సైకిల్, బట్టలు, ఒక బాటిల్ కలిపి 9 కిలోలు. మొత్తం 71.
గంటకు 1,700 మీటర్లంటే సెకనుకు 0.47 మీటర్లు. 71 × 9.81 × 0.47 = సుమారు 329 వాట్లు. ఇది కేవలం ఎత్తుకి.
ఆ వాలులో రోడ్డు మీద వేగం గంటకు 19 కిలోమీటర్లు. టైరు రాపిడికి సుమారు 15 వాట్లు, గాలికి 28.
చైనులో పోయేది 2, 3 శాతం.
అంతా కలిపితే 380 వాట్ల చుట్టూ. కిలోకి 6.1 వాట్లు.

అరగంట పాటు కిలోకి 6 వాట్లు పైన పట్టి ఉంచేవాడిని ఏ వరల్డ్ టూర్ జట్టూ వదులుకోదు. అందుకే స్కీ మౌంటెనీర్లను జట్లు ఆశగా చూస్తాయి. కానీ ఈ లెక్క "మంచు మీద 1,700 ఎక్కేవాడు రోడ్డు మీదా 1,700 ఎక్కుతాడు" అన్న ఊహ మీద నిలబడింది. ఆ ఊహ ఎంతవరకు నిజమో గుండెవేగం గారు చెప్పాలి.

గుండెవేగం

చెప్తాను. ఆక్సిజన్ వాడకం కొలిచేటప్పుడు ఏ పని చేస్తూ కొలిచారన్నది చాలా ముఖ్యం. స్కీ మీద ఎక్కేవాడు కాళ్ళతోపాటు కర్రలు పొడుస్తూ చేతులు, భుజాలు, వీపు అన్నీ వాడతాడు. కండరం ఎంత ఎక్కువ పనిచేస్తే ఆక్సిజన్ అంత ఎక్కువ లాగుతుంది. అదే మనిషిని సైకిల్ మీద కూర్చోబెడితే తొడ కండరాల మీదే భారమంతా పడుతుంది. గుండె ఇంకా ఇవ్వగలదు, కానీ తొడలు తీసుకోలేవు. అందుకే వేరే ఆట నుంచి వచ్చినవాళ్ళకి సైకిల్ మీద కొలిచిన గరిష్ఠం వాళ్ళ సొంత ఆటలో కన్నా తక్కువ వస్తుంది. ఏళ్ళ తరబడి తొక్కినవాళ్ళకి ఆ తేడా దాదాపు ఉండదు.

రెండోది, కండరం కదిలే తీరు. స్కీ ఎక్కుడులో తుంటిని వెనక్కి తోసే కండరం, తుంటిని ముందుకు లాగే కండరం ముఖ్యం. మోకాలు బాగా వంగదు, నిటారుగా నిలబడి చేసే పని. సైకిల్ మీద నడుం ముందుకి వంగి ఉంటుంది, ప్రతి తొక్కుడులోనూ మోకాలు బాగా వంగి సాగుతుంది, నిమిషానికి 85 నుంచి 95 తిప్పులు. ఆ వేగంలో సాఫీగా తిప్పడం నరాలకు అలవాటు కావాలి. నెలల్లో కొంత వస్తుంది, పూర్తిగా రావడానికి ఏళ్ళు పడుతుంది.

మూడోది, పైశరీరం. కర్రలతో పెరిగిన భుజాలు, వీపు కండరాలు సైకిల్ మీద మోసుకెళ్ళే బరువు. ఒక్క కిలో తగ్గినా పై లెక్కలో 5 వాట్లు మిగులుతాయి. అలాగని ఆదరాబాదరా తగ్గిస్తే జబ్బు పడతారు, ఎముక బలం పోతుంది. సైకిల్ ఎముకకి దెబ్బ తగలని ఆట కాబట్టి రైడర్లలో ఎముక సాంద్రత తక్కువగా ఉండటం తెలిసిన విషయమే. వారానికి రెండుసార్లు బరువులు, గెంతుళ్ళు మానకూడదు.

ఘాట్‌రోడ్డు

అంటే ఇంజను కొంత తగ్గుతుంది, కానీ ఉంటుంది. మరి మిగతాది ఎక్కడ పోయింది?

చైన్‌రింగ్

కొండ మొదలయ్యే చోటికి ఎన్నో స్థానంలో చేరావన్న దాంట్లో పోయింది. దీన్ని బయటివాళ్ళు ఎప్పుడూ తక్కువగానే చూస్తారు.

150 మంది ఒకే వరసలో సన్నని రోడ్డులోకి దూరారనుకోండి. సైకిల్ పొడవు, మధ్య సందు కలిపి మనిషికి 2 మీటర్లు. వరస పొడవు 300 మీటర్లు. కొండ మీద వేగం గంటకు 20 కిలోమీటర్లయితే ఆ 300 మీటర్లకు 54 సెకన్లు. అంటే ఆఖర్న ఉన్నవాడు ఎక్కుడు మొదలవకముందే దాదాపు నిమిషం వెనకబడ్డాడు. పైగా ముందు ఎవడైనా తెగిపోతే ఆ సందుని వీడే పూడ్చాలి. కిలోకి 6 వాట్లు ఉన్నా, ఆ నిమిషం పూడ్చడానికే అయిపోతాయి.

ముందు ఉండటం ఊరికే రాదు. గంటకు 55, 60 కిలోమీటర్ల వేగంలో ముందువాడి చక్రానికి అరమీటరు దూరంలో, పక్కవాడి మోచెయ్యి తగులుతుండగా, భుజం బిగించకుండా ఉండాలి. పక్కగాలి కొడితే రోడ్డు అడ్డంగా మెట్లు మెట్లుగా వరస కడతారు. రోడ్డు వెడల్పుకి పట్టినవాళ్ళే గాలి తప్పించుకుంటారు, మిగిలినవాళ్ళు అంచున ఒంటరిగా గాలి తింటారు. ఎక్కడ గాలి మారుతుందో ముందురోజే మ్యాపులో చూసుకుని, ఆ మలుపుకి 3 కిలోమీటర్ల ముందే ముందుకి రావాలి. మలుపు దగ్గర గుర్తొస్తే లాభం లేదు.

స్కీ మౌంటెనీరింగ్‌లో ఇదేమీ లేదు. మంచులో ముందువాడి బాట పట్టుకోవడం ఉంటుంది గానీ, ఆ వేగానికి గాలి చాటు పెద్ద లెక్కలోకి రాదు. బలమున్నవాడు ముందుంటాడు. సైకిల్‌లో బలమున్నవాడు వెనక ఇరుక్కుపోవచ్చు.

ఇంకో సంగతి. పాల్జర్ రోడ్డు రేసుల్లోకి దిగిన నెలలోనే, 2021 ఏప్రిల్ 1 నుంచి, దిగుడులో సైకిల్ ఫ్రేం పైగొట్టం మీద కూర్చుని ముడుచుకోవడాన్ని, హ్యాండిల్ మీద ముంజేతులు ఆనించడాన్ని యూసీఐ నిషేధించింది. కొత్తగా వచ్చినవాడికి అది ఒకరకంగా మేలే, నేర్చుకోవాల్సిన ప్రమాదకరమైన పని ఒకటి తగ్గింది.

మంచుబాట

చైన్‌రింగ్ గారితో ఒక్క చోట విభేదిస్తాను. దిగుడు అంటే భయపడేవాళ్ళు కాదు వీళ్ళు. మధ్యలో 60 మిల్లీమీటర్ల వెడల్పే ఉన్న సన్నటి స్కీలతో, గుండె 180 కొడుతుండగా, గతుకుల మంచులో దిగేవాళ్ళు. లైను (దిగే దారి) చూడటం, దూరంగా చూపు నిలపడం వాళ్ళకి వచ్చు. రానిది టైరు పట్టు. మంచులో స్కీ జారితే సర్దుకోవచ్చు. తడి తారు మీద ముందు చక్రం జారితే సర్దుకునే వ్యవధి ఉండదు. బ్రేకు మలుపుకి ముందే పూర్తిచేసి వదలాలన్న అలవాటు, లోపలి మోకాలు తెరవడం, బయటి పెడల్ మీద బరువు వేయడం, ఇవన్నీ చిన్నప్పటి నుంచి తొక్కినవాళ్ళకి ఆలోచన లేకుండా జరుగుతాయి.

చైన్‌రింగ్

ఒప్పుకుంటున్నాను, అది సరైన సవరణే.

చద్దిమూట

తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు. వర్టికల్ రేసు 25 నిమిషాలు, మధ్యలో ఏమీ తినక్కర్లేదు. ఇండివిడ్యువల్‌కి ఒకటి రెండు జెల్లులు, కాసిన్ని నీళ్ళు. అక్కడి నుంచి అయిదారు గంటల స్టేజీకి (పెద్ద రేసులో ఒక రోజు తొక్కే భాగం), అదీ వుయెల్టాలో 21 స్టేజీలకి రావడమంటే కడుపుకి కొత్త ఉద్యోగమే.

సగటు 250 వాట్లతో 5 గంటలు తొక్కితే 4,500 కిలోజౌళ్ళ పని. ఒక కిలోకేలరీ అంటే నాలుగు కిలోజౌళ్ళ పైచిలుకు, శరీరం అందులో పావు వంతే పనిగా మారుస్తుంది కాబట్టి ఖర్చయ్యేది కూడా ఇంచుమించు 4,500 కిలోకేలరీలు. గంటకు 90 గ్రాముల పిండిపదార్థం తింటే 360 కిలోకేలరీలు, 5 గంటలకు 1,800. మిగిలింది ఒంట్లో నిల్వల నుంచి రావాలి. రాత్రికి తిని పూడ్చాలి. మర్నాడు మళ్ళీ అదే.

గ్లూకోజ్ ఒక్కటే అయితే పేగు గంటకు 60 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. ఫ్రక్టోజ్‌కి వేరే దారి ఉంది. అందుకే రెండూ కలిపి, 1కి 0.8 పాళ్ళలో, 90 నుంచి 120 గ్రాముల దాకా తీసుకుంటారు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, రేసు రోజు మొదటిసారి 90 గ్రాములు తింటే కడుపు ఉబ్బి, వాంతికొచ్చి, తినడమే ఆపేస్తారు. మూడో గంటలో కాళ్ళు ఖాళీ. శిక్షణలో 50తో మొదలుపెట్టి వారానికి 10 గ్రాముల చొప్పున పెంచుకుంటూ ఆరు వారాల్లో 100కి తేవాలి. అరలీటరు బాటిల్‌లో 40 నుంచి 45 గ్రాములు కలిపితే చిక్కగా ఉన్నా తాగగలం. అంతకుమించి కలిపితే వేడిలో దాహం తీరదు.

రైడ్ మధ్యలో ఆకలయ్యాక తినడం ఆలస్యమే. మొదటి ముద్ద 20వ నిమిషంలో.

మ్యూనిక్‌గాలి

అతని సామర్థ్యం ఎంతో తెలియాలంటే వాట్స్‌మన్ చూడాలి. రామ్సావ్ మీద నిలబడి ఉండే కొండ. మూడు శిఖరాలు: హోహెక్ 2,651 మీటర్లు, మిట్టెల్‌ష్పిట్జె 2,713, జ్యూడ్‌ష్పిట్జె 2,712. విమ్‌బాఖ్ వంతెన దగ్గర 600 మీటర్ల పైచిలుకు ఎత్తులో బయల్దేరి, 1,930 మీటర్ల దగ్గరున్న వాట్స్‌మన్ హౌస్ అనే కొండ విడిది మీదుగా హోహెక్ ఎక్కి, అక్కడి నుంచి రెండు పక్కలా లోయలున్న రాతి గట్టు మీద మూడు శిఖరాలూ దాటి, విమ్‌బాఖ్ గ్రీస్ లోయలోకి దిగి మళ్ళీ వంతెనకి రావాలి. అలవాటున్న కొండ మనుషులకే 10 నుంచి 14 గంటలు పడుతుంది. పాల్జర్ 2020 వేసవిలో 2 గంటల 47 నిమిషాల్లో తిరిగొచ్చాడు. అది సైకిలూ కాదు, స్కీ కూడా కాదు. ఎక్కుడు పరుగు, గట్టు మీద చేతులతో పాకడం, కంకర వాలులో దిగుడు పరుగు.

మన తెలుగువాళ్ళు మ్యూనిక్ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. ఆ పరుగు వీడియోలు చూసి అక్కడికి బయల్దేరేవాళ్ళు తప్పు లెక్క వేసేది ఎక్కుడులో కాదు, జ్యూడ్‌ష్పిట్జె నుంచి దిగుడులో. 2,000 మీటర్ల దిగుడు, వదులు రాయి, నీళ్ళు దొరకవు, అలిసిపోయాక వస్తుంది. మధ్యాహ్నం ఉరుములొస్తే గట్టు మీద తల దాచుకునే చోటు తక్కువ. మొదటిసారి వెళ్ళేవాళ్ళు హోహెక్ దాకా వెళ్ళి వెనక్కి రావడమే మంచి రోజు.

గుండెవేగం

అలాంటివాడిని నేరుగా వరల్డ్ టూర్‌లో దించడమే పొరపాటు అనిపిస్తుంది నాకు. పక్కనే ఉదాహరణ ఉంది: ఫ్లోరియన్ లిపోవిట్జ్. ఆయనా జర్మనే, ఆయనా మంచు ఆట నుంచే వచ్చాడు, చివరికి చేరిందీ అదే జట్టు. తేడా దారిలో ఉంది.

లిపోవిట్జ్ 2000లో పుట్టాడు. బయాథ్లాన్ చేసేవాడు, అంటే స్కీ పరుగూ తుపాకీ గురీ. 20 ఏళ్ళు నిండకముందే సైకిల్‌కి మారి, ఆస్ట్రియాలోని టిరోల్ కేటీఎం అనే మూడో స్థాయి జట్టులో 2020 నుంచి 2022 దాకా మూడు సీజన్లు తొక్కాడు. 2023లో బోరాకి వచ్చాడు. ఆ ఏడాదే చెక్ టూర్ గెలిచాడు. 2024లో స్విట్జర్లాండ్‌లో జరిగే రొమాండీ రేసులో మూడో స్థానం, వుయెల్టాలో ఏడో స్థానం. 2025లో పారిస్-నీస్ రేసులో రెండో స్థానం, టూర్ ద ఫ్రాన్స్‌లో పొగాచర్, వింగెగార్డ్‌ల తర్వాత మూడో స్థానం, యువ రైడర్ల తెల్ల జెర్సీ కూడా.

ఆ మూడు సీజన్లే అసలు తేడా. చిన్న జట్టులో, చిన్న రేసుల్లో, పడినా లేచినా ఎవరూ పట్టించుకోని చోట పెలొటాన్ నేర్చుకున్నాడు. పాల్జర్‌కి ఆ మూడేళ్ళు దక్కలేదు. అతను నేర్చుకోవాల్సింది ప్రపంచంలో అందరికన్నా వేగంగా తొక్కేవాళ్ళ మధ్యే నేర్చుకోవాల్సి వచ్చింది. ఏప్రిల్‌లో మొదటి రేసు, ఆగస్టు 14న బుర్గోస్‌లో వుయెల్టా మొదలు. మధ్యలో నాలుగు నెలలు.

చైన్‌రింగ్

దారి తేడా నిజమే. కానీ జట్టుది పొరపాటు అనను. 28 ఏళ్ళవాడిని మూడేళ్ళు చిన్న జట్టులో పెడితే బయటికొచ్చేసరికి 31. లిపోవిట్జ్ దగ్గర వయసుంది, పాల్జర్ దగ్గర లేదు. ఉన్న ఒక్క దారే తీసుకున్నాడు. కెనడా రైడర్ మైకేల్ వుడ్స్‌ని చూడండి. పరుగులో మైలుని 4 నిమిషాల లోపు పరిగెత్తినవాడు, పాదం ఎముక పదేపదే చిట్లడంతో సైకిల్‌కి వచ్చాడు. ఆయనా చిన్న జట్లలో తిరిగే పైకొచ్చాడు. 2018 ఇన్స్‌బ్రుక్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం, 2023 టూర్ ద ఫ్రాన్స్‌లో పుయ్ ద డోమ్ కొండ స్టేజీ గెలుపు. స్లొవేనియా రైడర్ ప్రిమోజ్ రోగ్లిచ్ స్కీ జంపింగ్ వదిలి 2013లో అక్కడి అద్రియా మొబిల్ అనే చిన్న జట్టుతో మొదలెట్టాడు, వరల్డ్ టూర్‌కి 2016లో వచ్చాడు. అక్కడా మూడు సీజన్లే!

రెండోది, జట్టులో గెలవని వాళ్ళంతా విఫలమైనట్టు కాదు. ఎనిమిది మందిలో ఏడుగురు పనివాళ్ళే. కొండ మొదటి సగంలో వేగం పెట్టడం, కారు దగ్గరికెళ్ళి జెర్సీ నిండా బాటిళ్ళు కుక్కుకుని 30 సెకన్ల వెనక నుంచి మళ్ళీ ముందుకి తేవడం, నాయకుడికి చక్రం పంక్చరైతే తన చక్రం ఇచ్చెయ్యడం. ఎక్కుడులో బలమున్నవాడికి ఆ పని సరిగ్గా సరిపోతుంది. ఫలితాల పట్టికలో కనిపించదు. వుయెల్టా 2021కి జట్టు తీసుకెళ్ళిన ఎనిమిది మందిలో పాల్జర్‌తోపాటు మౌంటెన్ బైక్ నుంచి వచ్చిన బెన్ జ్వీహోఫ్ కూడా ఉన్నాడు. ఆ జట్టు బయటి ఆటల నుంచి మనుషుల్ని తెచ్చుకోవడం అలవాటుగా పెట్టుకుంది.

కొత్తచక్రం

ఒక సందేహం అండీ. స్కీ మౌంటెనీరింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది కదా. ఆగి ఉంటే పతకం వచ్చేదేమో కదా?

మంచుబాట

చాలామంది ఇలాగే అనుకుంటారు. ఒలింపిక్ సంఘం 2021 జులైలో టోక్యోలో ఈ ఆటని చేర్చాలని నిర్ణయం తీసుకుంది. అప్పటికి అతను రోడ్డు మీదికి వచ్చేశాడు. కానీ 2026 మిలానో-కోర్టీనా శీతాకాల ఒలింపిక్స్‌కి పెట్టిన పోటీలు చూడండి: మగవాళ్ళ స్ప్రింట్, ఆడవాళ్ళ స్ప్రింట్, మిక్స్‌డ్ రిలే. బోర్మియోలో, మగవాళ్ళు 18, ఆడవాళ్ళు 18. వర్టికల్ లేదు, ఇండివిడ్యువల్ లేదు. సైక్లింగ్‌లో టూర్ తీసేసి ట్రాక్ స్ప్రింట్ ఒక్కటే ఉంచినట్టు. పొడుగు ఎక్కుళ్ళ మనిషికి మూడు నిమిషాల రేసు సొంత ఆట కాదు.

స్ప్రింట్‌లో గెలుపోటములు స్కిన్ తీసే చోటే తేలిపోతాయి. దగ్గర నుంచి చూస్తే ఇలా ఉంటుంది. గీత దాటగానే కర్రలు కింద. వంగి స్కీ ముక్కు దగ్గరున్న రబ్బరు తాడు పట్టి, స్కిన్‌ని వెనక్కి ఒక్క గుంజు. స్కీ కాలికే ఉంటుంది. పాదం కింద స్కిన్ ఇరుక్కునే చోట మడమ కొద్దిగా లేపాలి, లేపకపోతే అక్కడే అంటుకుపోయి రెండో గుంజు కావాలి. రెండో కాలికి అదే. రెండు స్కిన్లూ మడిచి సూట్ రొమ్ము జేబులోకి తోసి మూసేయాలి. బయటికి వేలాడితే జరిమానా. బూటు వెనక మీట కొట్టి చీలమండ బిగించాలి. బైండింగ్ మడమ భాగం తిప్పి తొక్కాలి, టక్‌మని వినపడాలి. కర్రలు తీసుకుని తోసుకోవాలి. ఇదంతా 10, 15 సెకన్లలో. వేళ్ళు చలికి మొద్దుబారి ఉంటాయి, గుండె గొంతులో ఉంటుంది. మడమ సగమే పడితే మొదటి మలుపులోనే స్కీ ఊడుతుంది.

మ్యూనిక్‌గాలి

బెర్ష్‌టెస్‌గాడెన్‌లో యెన్నర్ కొండ మీద యెన్నర్‌ష్టియర్ అనే పోటీ జరుగుతుంది. జర్మనీ స్కీ మౌంటెనీరింగ్ జట్టుని నడిపేది డీఏవీ, అంటే జర్మన్ ఆల్పైన్ క్లబ్. పిల్లల్ని చేర్పించాలనుకునే మనవాళ్ళు మొదట ఊళ్ళో ఉన్న డీఏవీ శాఖకి వెళ్ళాలి. అక్కడే పరికరాలు అద్దెకిస్తారు, శిక్షణ ఇస్తారు. పోటీ పరికరాలు మొదటి ఏడాదే కొనకండి. తేలికపాటి స్కీ దిగుడులో క్షమించదు, నేర్చుకునేవాడికి మధ్యలో 80 మిల్లీమీటర్ల పైన వెడల్పున్నవి మేలు.

కొత్తచక్రం

నేను అడగబోయింది అదే. చలికాలంలో సైకిల్ వాళ్ళు స్కీ మౌంటెనీరింగ్ కలుపుకోవాలంటే వారం ఎలా వేసుకోవాలి?

గుండెవేగం

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఇలా వేసుకోవచ్చు:

వారానికి రెండు స్కీ రోజులు. ఒకటి 2 నుంచి 3 గంటలు, మాట్లాడుతూ ఎక్కగలిగే తేలికైన వేగంలో. రెండోది గట్టిది: 20 నిమిషాలు వేడెక్కి, 8 నిమిషాలు గట్టిగా, 4 నిమిషాలు నెమ్మదిగా, అలా నాలుగుసార్లు.
రెండు మూడు సైకిల్ రోజులు, ఇంట్లో సైకిల్ బిగించి తొక్కే ట్రైనర్ మీదైనా సరే, గంట నుంచి గంటన్నర. ఇందులో ఒకదాంట్లో నిమిషానికి 100 దాటి తిప్పే ముక్కలు 6 సార్లు, ఒక్కోటి నిమిషం. ఇది మానితే మార్చిలో కాళ్ళు చెక్కలా ఉంటాయి.
ఒక రోజు బరువులు. ఒక రోజు పూర్తి విశ్రాంతి.

గుండె వేగం అంకెలు రెండింటికీ ఒకటే పెట్టుకోకండి. అదే కష్టానికి స్కీ మీద 5 నుంచి 10 ఎక్కువ కొడుతుంది. సైకిల్ జోన్లు (గుండె వేగం మెట్లు) పెట్టుకుని స్కీ ఎక్కితే మరీ నెమ్మదిగా ఎక్కుతారు, స్కీ జోన్లతో తొక్కితే మాడిపోతారు.

ఎక్కువమంది దెబ్బతినేది మార్చిలో. గుండె సిద్ధంగా ఉంటుంది కాబట్టి మొదటి వారమే 15 గంటలు తొక్కేస్తారు, మోకాలి చిప్ప కింద స్నాయువు వాస్తుంది. మొదటి మూడు వారాలు చిన్న గేరు, 90 తిప్పులు, గంటలు వారానికి పదో వంతు కన్నా పెంచకుండా. సీటు ఎత్తు కూడా ఒకసారి చూసుకోవాలి. తుంటి ముందు కండరం చలికాలమంతా పనిచేసి బిగుసుకుని ఉంటే, నిరుటి ఎత్తే ఇప్పుడు నడుం లాగినట్టు అనిపిస్తుంది. సీటు మార్చే ముందు రెండు వారాలు ఆ కండరం సాగదీసి చూడండి.

చద్దిమూట

స్కీ రోజున నీళ్ళ గొట్టం గడ్డకడుతుంది, బాటిల్ సూట్ లోపల పెట్టుకోండి. జెల్ కూడా చలికి బంకలా అవుతుంది, చేతి తొడుగు లోపలికి తోసి పది నిమిషాలు ఉంచితే సరిపోతుంది.

మంచుబాట

ఇంకా ముఖ్యమైనది. రోడ్డు మీద శిక్షణకి లేని ప్రమాదం ఇక్కడ ఒకటుంది, హిమపాతం, అంటే వాలు మీది మంచు ఒక్కసారిగా విరిగి జారిపడటం. బవేరియా హిమపాత హెచ్చరిక సంస్థ చలికాలంలో రోజూ నివేదిక ఇస్తుంది, 1 నుంచి 5 అంకెల్లో. 3 అంటే మధ్యస్థం కదా అని తేలిగ్గా తీసుకోవడం పెద్ద తప్పు. ప్రాణాలు పోయే ప్రమాదాల్లో చాలా భాగం హెచ్చరిక 3 ఉన్న రోజునే జరుగుతాయి, ఎందుకంటే 4 ఉన్న రోజున జనం ఇంట్లో ఉంటారు. 30 డిగ్రీలు దాటిన వాలులు మ్యాపులో గుర్తుపెట్టి తప్పించుకోవాలి. ట్రాన్స్‌సీవర్ (మంచు కింద ఉన్నవాడిని వెతికే రేడియో పరికరం), పార, ప్రోబ్ కర్ర (మంచులో గుచ్చి వెతికేది) ఈ మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, వాడటం సాధన చేసి ఉండాలి. సైకిల్ శిక్షణకే వెళ్ళేవాళ్ళకి స్కీ కేంద్రాల్లో ఎక్కేవాళ్ళ కోసం గుర్తుపెట్టిన బాట చాలు, గుండెకి కావాల్సింది అక్కడే దొరుకుతుంది.

కొత్తచక్రం

ఆఖరి ప్రశ్న. స్కిన్ రెండో ఎక్కుడుకి అంటుకోకపోతే ఏం చేయాలి?

మంచుబాట

జిగురు మీద మంచు పొడి చేరడం వల్లే ఎక్కువసార్లు అలా అవుతుంది. స్కీ అడుగుని మోచేతితో గట్టిగా తుడవాలి, స్కిన్ జిగురుని స్కీ అంచు మీద గీరి మంచు రాల్చాలి, మళ్ళీ మధ్య నుంచి నొక్కుతూ అంటించాలి. అప్పటికీ పట్టకపోతే సంచిలో ఉన్న రెండో జత వాడాలి. తీసిన జతని సంచిలో పడేయకుండా సూట్ లోపల పొట్ట దగ్గర పెట్టుకుంటే మూడో ఎక్కుడుకి ఆరి మళ్ళీ పట్టుకుంటుంది. స్కిన్ నూలు వైపు మంచు ముద్దలు కడుతుంటే అది వేరే సమస్య. తడి మంచు నుంచి నీడలో ఉన్న పొడి మంచులోకి వెళ్ళినప్పుడు వస్తుంది. దానికి బయల్దేరే ముందే నూలు పడుకున్న దిశలో స్కిన్ మైనం రుద్దుకోవాలి, దారిలో కోసం చిన్న ముక్క జేబులో పెట్టుకోవాలి.